పసుపుతో వేసిన బొమ్మ వెలిసిపోయింది, అమ్మొచ్చా?

గోనెసంచి, గుంటూరు:
ఇంట్లో దొరికేవాటితోనే బొమ్మలు వేస్తాను. పసుపు, కాఫీ డికాషన్, దీపం మసి. కాన్వాసుకు బదులు బియ్యం గోనె విప్పి, చెరియాల్ పటాలు వేసే నకాషీ వాళ్లలాగా చింతగింజల అంబలిలో తెల్లసుద్ద కలిపి పూస్తాను. చేట పట్టుకున్న మా నాయనమ్మ బొమ్మను పడమటి కిటికీ ఎదురుగా తగిలించాను. నాలుగు నెలల్లో చీర పసుపంతా పోయింది. డికాషన్ గోడ పాలిపోయింది. మసితో వేసిన కొప్పు మాత్రం అలాగే ఉంది. పసుపులో సున్నం కలిపి పెట్టిన బొట్టయితే వారానికే మాసిపోయింది. పైగా అంచుల్లో పురుగు. ఇలాంటిదే ఇంకోటి ఆరు వేలకు అడుగుతున్నారు. అమ్మాలంటే టెన్షన్‌గా ఉంది.

కరక్కాయ, శ్రీకాళహస్తి:
పసుపు ఎండకు ఆగదండీ. సున్నం గాలికి సుద్దగా మారేకొద్దీ ఆ ఎరుపూ పోతుంది. మా కలంకారీలో బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతాం. పాల జిడ్డు వల్ల రంగు పాకదు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో రెండు మూడు వారాలు ఊరిన నీళ్లతో గీస్తే, కరక్కాయ వగరు తగిలి గీత నల్లబడుతుంది. వగరు టీలోనూ ఉంది, మీ గోనె మీద అది పూసి చూడండి. ఇనుము ఎక్కువైతే మాత్రం ఏళ్ల తర్వాత ఆ గీత దగ్గరే బట్ట చిరుగుతుంది.

తుమ్మజిగురు:
చీరకు ఎల్లో ఓకర్ మట్టి, బొట్టుకు జాజు (ఎర్రమట్టి) వాడండి, తుమ్మజిగురుతో నూరి. ఎండకు మారవు. పురుగుకు అంబలిలో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). పాతకాలం బైండింగు వాళ్లు మైదా జిగురులో అదే కలిపేవారు. విషం సుమా, ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి తేకండి.

వాకిలి:
వెలిస్తే వెలవనివ్వండి. ముగ్గు మాత్రం సాయంత్రం దాకా ఉంటుందా?

గోనెసంచి, గుంటూరు:
ముగ్గుకు ఎవరూ ఆరు వేలు ఇవ్వరు కదండీ! పసుపు, జాజు, టీ మీద ఇనుప నీళ్ల గీత, మూడూ ఒక గోనె ముక్క మీద వేసి, సగం నల్ల కాగితంతో కప్పి అదే కిటికీలో పెట్టాను. నెల ఆగమని కొనేవాళ్లకు చెప్పాను. నాయనమ్మ బొమ్మ మాత్రం తియ్యలేదు. తాతయ్య పోయాక ఆవిడ తెల్లచీరే కట్టింది. మొన్న అమ్మ చూసి, "ఇప్పుడు అచ్చం మా అత్తయ్యే" అంది.