ఇసుక కుటుంబం కథలో కెమెరా గడప దాటాలా, వద్దా?

మండువా_లోగిలి:
కథ ఇదండీ. కోనసీమలో ఓ మండువా ఇల్లు (నడిమధ్య పైకప్పు లేని వాకిలి ఉండేది), కాలం 2024. మగాళ్లు రాత్రిళ్లు గోదావరి పాయ గౌతమిలో దొంగతనంగా ఇసుక తోడిస్తారు, సంక్రాంతికి కోడిపందేల బరి నడుపుతారు. సినిమా మాత్రం అత్తగారు, ఇద్దరు కోడళ్లు, ఆడపడుచుది. చిన్న బడ్జెట్, పేరున్న నటులు లేరు. కెమెరా ఇంట్లోంచి కదలదని దర్శకుడు పట్టు పట్టాడు. ఇసుక లోడు చేసే ర్యాంపూ, బరీ కనపడకపోతే భయం ఎక్కడ పుడుతుందని నిర్మాత. నా ఓటు దర్శకుడికే. టిప్పర్ల వెంట జీపులు పరిగెత్తడం జనానికి మొహం మొత్తింది.

ర్యాంపు_గట్టు:
గడప దాటకపోతే ఆ ఇంట్లోకి డబ్బు ఎందుకొస్తోందో చెప్పేదెవరు? 2024 జూలై 8 నుంచి ఇసుక ఉచితం. తవ్వకం, లోడింగు, రవాణా ఖర్చులు కట్టుకుంటే చాలు. మరి ఉచితంగా దొరికేదాన్ని దొంగతనం చేయడమేంటని ప్రేక్షకుడు మొదటి పది నిమిషాల్లోనే అడుగుతాడు. జవాబు నదిలో ఉంది. వానాకాలంలో నదిలో ఇసుక తీసే చోట, అంటే రీచ్‌లో తవ్వకూడదు, కాబట్టి వరదకి ముందే గుట్టలు పోసుకున్నవాడిదే బేరం. దానికోసం పడవల్లో బకెట్లతో తోడేవాళ్లని తప్పించి రాత్రిపూట పొక్లెయిన్ దింపుతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి వరద హెచ్చరిక. నది మధ్య లంకల్లో వాళ్లు సామాన్లు సర్దుకునే ఆ రోజే వీళ్ల గుట్టకి రేటు పెరుగుతుంది. ఇదంతా చూపించాలి.

మండువా_లోగిలి:
ఆ హెచ్చరిక వంటింట్లో పనిచేస్తూ టీవీలో వింటారు కదండీ. అత్తగారు సౌండు పెంచితే సరిపోయె. బకెట్ల పని పోయినవాడి భార్య ఆ ఇంట్లోనే అంట్లు తోముతుంటే మీ పొక్లెయిన్ కూడా లోపలికొచ్చినట్టే.

సెక్షన్_111:
మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. అసలు నాటకం చట్టంలోనే ఉంది, అది పూర్తిగా ఇంట్లో జరిగేది. ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకొచ్చింది. 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరం. ఒక్క ఇసుక కేసు చూపించి ఆ సెక్షన్ పెట్టేస్తే స్క్రిప్టు తప్పు. గత పదేళ్లలో ఒకటికి మించి ఛార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకి తీసుకుని ఉండాలి. అంటే రెండు పాత కేసులు కథలో ముందే నాటుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నేరం చేసినవాణ్ని దాచిపెడితే కనీసం మూడేళ్లు. దాచింది భార్య అయితే ఆ ఉపసెక్షన్ వర్తించదు. తల్లికీ, అక్కకీ, వదినకీ ఆ మినహాయింపు లేదు. పెద్దకొడుకు అటకెక్కి దాక్కున్న రాత్రి పోలీసు తలుపు కొడితే, ఒకే అబద్ధం పెద్దకోడలు ఆడితే ఒక ఫలితం, అత్తగారు ఆడితే ఇంకో ఫలితం. ఆ ఇంట్లో చదువుకున్నది చిన్నకోడలే అనుకోండి, ఆ తేడా తెలిసి ఆమె ఎవర్ని తలుపు తీయమంటుంది? ఇంతకంటే పెద్ద సీను ర్యాంపు దగ్గర దొరకదు.

మినహాయింపు దాచడానికే. ముఠా మనిషి తరఫున లెక్క చెప్పలేని ఆస్తి దగ్గరుంటే మూడు నుంచి పదేళ్లు. అక్కడ భార్య అన్న వెసులుబాటు లేదు. కొబ్బరితోట పెద్దకోడలి పేరున రిజిస్టరైతే ఆమె కూడా ఇరుక్కుంటుంది. పాస్‌బుక్కుల్లో కొంచెం కొంచెం వేయించే సీను ఎవరైనా రాస్తారు. ఒకరి సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి పది లక్షల నగదు చేరితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకి తెలియజేస్తుందన్నది మర్చిపోతారు. దయచేసి ఆ ఆడవాళ్లని 'పాపం, ఏమీ తెలీదు' కింద జమకట్టకండి. సంతకం పెట్టినప్పుడు ఎంత తెలుసు అన్నదాంట్లోనే నలుగురికీ నాలుగు పాత్రలున్నాయి.

బూమ్_రాడ్:
గడప దాటకపోతే భారమంతా శబ్దం మీద పడుతుంది. సింక్ సౌండే కావాలి, అంటే మాటలు షూటింగులోనే రికార్డు చేయాలి. ఇల్లు చూసేటప్పుడు రాత్రి పదింటికి కూడా వెళ్లి వినండి. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే తెల్లార్లూ నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతాయి, మైకు మార్చినా ఆ హోరు పోదు. గంజిపెట్టిన చీర కింద లేపెల్ (బట్టలకి తగిలించే చిన్న మైకు) దాస్తే గరగర, కర్రకి కట్టి పైనుంచి పట్టే బూమ్‌నే నమ్ముకోండి. ప్రతి గదిలో మనుషులు లేని నిశ్శబ్దం ఒక నిమిషం విడిగా రికార్డు చేయాలి. సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తూ ఇంట్లో లైట్లే వాడితే కెమెరా షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టండి, లేకపోతే మన 50 హెర్ట్జ్ కరెంటుకి వెలుగు అదురుతుంది. మండువా మీద ఎండని మెత్తబరిచే తెర (స్కిమ్మర్) కట్టకపోతే మధ్యాహ్నం ఎండ నేల మీద జరిగిపోతూ షాటుకీ షాటుకీ అతకదు.

బరి సంగతి వదిలేయండి. కోళ్లని నిజంగా పందేనికి దింపితే 1960 జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. కోడి ఊరికే నిలబడ్డా జంతు సంక్షేమ మండలి అనుమతి లేకపోతే సెన్సారు దగ్గర ఆగుతుంది. గోడ అవతల జనం అరుపు, ఇవతల ఆడపడుచు ముఖం. ఆ అరుపు సగంలో తెగిపోతే ఎవరి డబ్బు పోయిందో ఆమెకి అర్థమవుతుంది.

ర్యాంపు_గట్టు:
సెక్షన్ గారి అటక సీనుకి ఒప్పుకున్నా. అయినా చిన్నకోడలు ఒక్కసారి నది చూడాలి. లేకపోతే తనకి ఎంత తెలుసో మనకి తెలీదు. అది మాత్రం యంత్రం తవ్విన రీచ్‌లో తీయొద్దు. నీళ్ల కింద గుంట నిలువునా ఉంటుంది, మోకాల్లోతు అనుకుని అడుగేస్తే మనిషి మునిగిపోతాడు. గట్టు మీదే నిలబెట్టి తీయండి. వేసవిలో షెడ్యూలు వేస్తే డెల్టా కాలువలు కట్టేసి ఉంటాయి. ఇంటి వెనక కాలువ ఎండిపోయి కనిపిస్తుంది, వరద సీన్లతో కలవదు. కాలువ కనపడే షాట్లన్నీ నీళ్లు వదిలాకే పెట్టుకోవాలి.