ఇంటి గిన్నెలోదే తింటూ పొట్ట తగ్గించడం అయ్యే పనేనా?

ప్రశ్న: మిర్యాలగూడ కాంటా

అన్నలకూ అక్కలకూ నమస్తే. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో కాంటా దగ్గర పని. వయసు 33, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 82. జిమ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరింటికే. మొదట్లో ఖాళీ రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ చేస్తేనే కాళ్లు వణికేవి, ఇప్పుడు 80 కిలోలతో వరుసగా ఐదుసార్లు, అంటే ఐదు రెప్స్ కొడుతున్నా. భుజాలు కొంచెం కనబడుతున్నాయి. పొట్ట మాత్రం ఎక్కడిదక్కడే. బొడ్డు దగ్గర టేపు పెడితే 38 అంగుళాలు. సంక్రాంతికీ అంతే, ఇప్పుడూ అంతే.

ట్రైనర్ ఒక చార్ట్ ఇచ్చాడు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఉడకబెట్టిన చికెన్, బ్రోకలీ, రాత్రికి మళ్లీ అదే. బ్రోకలీ కోసం ఊళ్లో తిరిగిన తిరుగుడు నాకే తెలుసు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పళ్లు బిగబట్టి తింటా. శనివారం రాత్రి ఎవరిదో ఒకరి దావత్ ఉంటది. ఆదివారం అమ్మ మటన్ వండుతది. ఆ రెండు రోజుల సంగతి అడగొద్దు.

ఈ మధ్య ఫ్లెక్సిబుల్ డైటింగ్ అని వింటున్నా. కేలరీలు, ప్రోటీన్ లెక్కలో ఉంటే ఏదైనా తినొచ్చంటున్నారు. కానీ మా ఇంట్లో నలుగురం, ఒకటే కూర, ఒకటే గిన్నె. నాకు వేరే వండమంటే "నేను వండింది తింటే చస్తావా" అంటది అమ్మ. ఆ గిన్నెలో నా వాటా ఎన్ని కేలరీలో ఎట్ల తెలుస్తది? అన్నం మానకుండా అయితదా? పొద్దంతా వడ్ల మధ్యనే ఉండేటోణ్ని, అన్నం మానమంటే నావల్ల కాదు.

జవాబు: పాలమూరు టీచర్

తమ్మీ, లారీని లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి సరుకెంతో చెప్పే మనిషివి. గిన్నెలో నీ వాటా ఎంతని మమ్మల్ని అడుగుతున్నావా?

మాది మహబూబ్‌నగర్, సర్కారు బడిలో టీచర్‌ని, 41 ఏళ్లు. రెండేళ్ల కింద 71 కిలోలుండేదాన్ని, ఏడు నెలల్లో 62కి వచ్చిన. ఆ ఏడు నెలల్లోనే నేల మీది రాడ్ లేపే డెడ్‌లిఫ్ట్ 40 నుంచి 75 కిలోలకు పోయింది. జొన్న రొట్టె ఒక్కరోజు మానలేదు.

వంటింటికి ఒక చిన్న డిజిటల్ కాంటా కొను. తర్వాత మీ ఇంట్లో గిన్నెలన్నీ ఖాళీగా తూచి, బరువు అడుగున మార్కర్‌తో రాసి పెట్టు. మా కుక్కర్ అడుగున ఆ అంకె ఇప్పటికీ ఉంది, మా అత్తమ్మ ధర అనుకుంది. అన్నానికి లెక్క ఇట్లా: 600 గ్రాముల బియ్యం పోస్తే, వండినాక గిన్నె బరువు తీసేసి చూస్తే మాకు 1,620 గ్రాముల అన్నం వచ్చింది. అంటే పళ్లెంలో 270 గ్రాముల అన్నం పెట్టుకుంటే 100 గ్రాముల బియ్యం తిన్నట్టు, సుమారు 350 కేలరీలు. నీళ్లు ఎక్కువ పోస్తే అన్నం బరువు పెరుగుతది గానీ కేలరీలు పెరగవు. అందుకే ఎప్పుడూ పచ్చి సరుకు బరువు రాసుకో. ఫోన్ యాప్‌లో "ఒక బౌల్ రైస్" అని ఉంటది, ఎవరి బౌల్, ఎంత బౌల్? దాన్ని నమ్మకు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో వేసిన ఆహార పట్టికలున్నాయి. జొన్నలు, కందిపప్పు, చెరువు చేపలు అన్నీ వంద గ్రాముల లెక్కన దొరుకుతాయి.

ఇక అసలు దొంగ నూనె. ఒక ఆదివారం గుత్తి వంకాయ చేస్తూ, పొయ్యి ముట్టించకముందు నూనె డబ్బాను కాంటా మీద పెట్టిన. కూర దించినాక మళ్లీ పెట్టిన. 110 గ్రాములు తగ్గింది. నేను రెండు గరిటెలే పోశానని ఒట్టేసి చెప్పేదాన్ని. నలుగురం తింటే మనిషికి 27 గ్రాముల పైనే, గ్రాముకు 9 కేలరీల చొప్పున దగ్గర దగ్గర 250. కూరలో నూనె ఒక్కదానికే! అందులో పల్లీలు, నువ్వులు వేరే. మర్నాడు డబ్బాలోంచి పొయ్యకుండా, ముందే చిన్న గిన్నెలోకి 40 గ్రాములు తీసిపెట్టుకుని వండిన. ఇంట్లో ఒక్కరూ తేడా కనిపెట్టలేదు. మా ఆయనైతే "ఇయ్యాల కూర మస్తుంది" అన్నాడు, నేను నోరు మూసుకున్నా.

పప్పు తింటున్నా గదా ప్రోటీన్ వస్తదని అనుకోవద్దు. కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల దాకా ప్రోటీన్ ఉన్న మాట నిజమే. కానీ మన పళ్లెంలోకి వచ్చే రెండు గరిటెల పలుచటి పప్పులో ఉండేది 25 గ్రాముల కందిపప్పు. తేలేది ఐదారు గ్రాములు.

నీకైతే సుమారుగా చెప్తా. నీ ఎత్తు, బరువు, వయసు, పని చూస్తే బరువు మారకుండా ఉండటానికి రోజుకు 2,500 కేలరీల దగ్గర పడొచ్చు. 2,000తో మొదలుపెట్టు. ప్రోటీన్ 130 గ్రాములు, కొవ్వు 60 లోపు, మిగతాది నీ ఇష్టం. ఆ లెక్కలో రోజుకు 200 గ్రాముల బియ్యం హాయిగా పడతది, అంటే అరకిలో పైన అన్నం. ఇంకేం కావాలి? ప్రోటీన్‌కు నాలుగు గుడ్లతో 25, ఎముకల్లేని చికెన్ పచ్చిది 250 గ్రాములతో 55, మీల్‌మేకర్ 50 గ్రాములతో 26, ఆపైన పెరుగు, పప్పు, అన్నం కలిపితే 130 దాటుతది. కరీ కట్ తెస్తే ఎముకల బరువు తీసెయ్యి, తరుగు తీసుడు నీకు నేర్పనక్కర్లేదు. జొన్న రొట్టెకు నేను 60 గ్రాముల పిండి తీసుకుంటా, 200 కేలరీలు, నూనె చుక్క ఉండదు.

నీ చార్ట్ పనిచేయకపోవడం శని, ఆదివారాల పుణ్యమే. ఐదు రోజులు రోజుకు 500 మిగిలిస్తే 2,500. దావత్‌లో బిర్యానీ ఫుల్ ప్లేట్ వెయ్యి దాటుతది, 650 మిల్లీ స్ట్రాంగ్ బీరు ఒక్కోటీ 300 పైనే. ఆదివారం మటన్ రెండుసార్లు వడ్డించుకుంటే ఐదు రోజుల మిగులు ఉఫ్. దావత్ మానమనను. ఆ రోజు పొద్దున, మధ్యాహ్నం గుడ్లు, చికెన్, కూరగాయలతో 800లో ముగించి రాత్రికి 1,200 దాచుకో. కల్లుకు మాత్రం నా దగ్గర లెక్క లేదు. పొద్దున దించింది తియ్యగా, సాయంత్రానికి పులిసి నిషా ఎక్కుతది, దానికి ఏ అంకె రాయను?

చివరిగా తేమ. వడ్లలో తేమ 17 శాతం దాటితే మీరే ఒప్పుకోరు గదా. మన ఒంట్లోనూ అంతే. ఉప్పుకారాల దావత్ తిన్న మర్నాడు కిలోన్నర పెరిగితే అది నీళ్లు, కొవ్వు కాదు. నాకైతే నెలలో ఆ నాలుగు రోజులు ఏం తిన్నా తినకున్నా కిలో పెరిగేది. రోజూ పొద్దున తూగి, ఏడు రోజుల సగటు తీసి, ఆ సగటును పోయిన వారం సగటుతో పోల్చు. వారానికి అరకిలో దిగితే చాలు.

జవాబు: సూర్యాపేట బార్‌బెల్

అక్క చెప్పిన లెక్కకు తిరుగు లేదు, కానీ నాదొక మాట. నేను ఐదు నెలలు అన్నీ తూచిన. చివరికి పెళ్లికి పోయి కూడా గులాబ్ జామ్ ఎన్ని గ్రాములని ఆలోచించుకుంటూ కూర్చున్న. తమ్మీ, రెండు మూడు నెలలు తూచు, కన్ను కుదిరినాక కాంటా పక్కన పెట్టు. నేనిప్పుడు ప్రోటీన్, వారం సగటు బరువు, ఈ రెండే చూస్తున్నా.

కటింగ్, అంటే కొవ్వు తగ్గించుకునుడు, అనంగానే ఎత్తే బరువులు తగ్గించి ఇరవై రెప్స్ కొట్టుడు మొదలుపెట్టకు. చాలామంది చేసే తప్పు అదే, నేనూ చేసిన. కొవ్వు కరిగేది తిండి లెక్కతో, బరువెత్తేది ఉన్న కండ పోకుండా. 80తో ఐదు కొడుతున్నావ్ గదా, ఆ 80 కింద పడనియ్యకు. అలసటనిపిస్తే సెట్లు ఒకటి రెండు తగ్గించు, రాడ్ మీద బరువు తగ్గించకు. నైట్ డ్యూటీ ఉన్న వారం నిద్ర లేకుండా జిమ్‌కు పోయి నడుము పట్టేసేలా చేసుకోకు. ఇంకోటి, షుగర్ మందులు వాడేవాళ్లెవరైనా ఇది చదివి తిండి తగ్గిస్తారేమో, ముందు డాక్టర్‌ను అడగండి.

మిర్యాలగూడ కాంటా, ఆరు వారాల తర్వాత

అక్కా, నువ్వు చెప్పినట్టే నూనె డబ్బా తూచిన. మా ఇంట్లో ఒక్క పూటకు 130 గ్రాములు! అమ్మకు చూపిస్తే "నూనె లేకుంటే కూర గొంతు దిగదు" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా చెల్లె డబ్బా దాచిపెట్టి చిన్న గిన్నెలో పోసి ఇయ్యడం మొదలుపెట్టింది. నాయిన పప్పులో పోపు తక్కువైందని సణుగుతున్నాడు గానీ తింటున్నాడు.

వారం సగటు 82.3 నుంచి 79.9కి వచ్చింది. నడుము 36 ముప్పావు. స్క్వాట్ 85తో ఐదు. రెండో వారంలో సగటు అస్సలు కదల్లేదు, మస్తు టెన్షన్ పడి 1,600కి దింపుదామనుకున్న. అక్క చెప్పిన తేమ సంగతి గుర్తొచ్చి ఆగిన, నాలుగో వారంలో ఒక్కసారే జారింది. బ్రోకలీ బంద్. చార్ట్ ఎక్కడ పెట్టిన్నో కూడా యాది లేదు.

ఇప్పుడు బతుకమ్మ వస్తుంది. ఇంట్లో సత్తుపిండి, మలీద, చివరి రోజు పులిహోర సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది అన్నీ అయితాయి. ఆ వెంటనే దసరా, మటన్. ఏం చెయ్యమంటవ్?

పాలమూరు టీచర్

సద్దుల రోజు, దసరా రోజు కాంటా ముట్టకు, తిను. మిగతా రోజులు మలీద ఒక ముద్ద లెక్కలో రాసుకుని తిను. గోధుమపిండి, బెల్లం, నెయ్యి తూచి చేస్తే మా ఇంట్లో 40 గ్రాముల ముద్దకు 160 దాకా వచ్చింది. మీ అమ్మ నెయ్యి ఎంత పోస్తదో నాకు తెలియదు, డబ్బా తూచి చెప్పు.