సమస్య: "కఱ్ఱకత్తి మేలు కత్తికంటె"

నిర్వాహకుడు: రోము మీద తిరగబడ్డ బానిస యోధుడు స్పార్టకస్ కథతో 2010లో వచ్చిన సీరియల్ రాత్రి మళ్లీ మొదలుపెట్టాను. కాపువా ఊరి శిక్షణశాలలో, బరిలో పోరాడాల్సిన బానిసలు చెమటలు కక్కుతూ కఱ్ఱకత్తులతో కొట్టుకుంటుంటే ఈ పాదం నోట్లో పడింది, ఇక నిద్ర పడితే ఒట్టు. ఈ పాదం చివర వచ్చేలా పద్యాలు కానివ్వండి.

గోదారి గణం:
టీవి చూచి మనుమఁ డావేశమున దూక
గాజుబల్ల పగిలె కాలు విఱిగె
నిజపుఁ గత్తి యైన నిలువునఁ జీల్చును
కఱ్ఱకత్తి మేలు కత్తికంటె

(విరిగింది బల్ల కాలే లెండి, మావాడు ఇంకా సోఫా మీద ఎగురుతూనే ఉన్నాడు.)

యతిభంగం: సరదాగా ఉంది కానీ మొదటి పాదానికి కూడా కాలు విరిగినట్టుంది. యతి చూడండి, పాదం మొదట టీ, మధ్యలో డా, రెండూ పొసగాలి కదా. ఈకారానికి ఆకారం ఎలా కలుస్తుంది గణం గారూ? మీలాంటి చేయి తిరిగినవారే ఇలా రాస్తే ఎలా?

గోదారి గణం: పక్కక్షరం కూడా చదవండి స్వామీ. టీ'వి', డా'వే'. ప్రాసయతి, మొదటి అక్షరాలు కలవకపోయినా పక్కనున్న హల్లులు కలిస్తే చాలు. తప్పు పట్టే తొందరలో మీకది కనపడలేదు.

సీసమాలిక:
రోము నగరమందు రుధిరమ్ము చిందించి
బ్రతుకు దక్కినట్టి బానిసలకు
చేతికిచ్చి పంపు స్వేచ్ఛకు గుర్తుగా
కఱ్ఱకత్తి మేలు కత్తికంటె

బరిలో నెగ్గి నెగ్గి విడుదల పొందినవాడికి ఒక కఱ్ఱకత్తి ఇచ్చి పంపేవారు, దాని పేరు రూడిస్. సాధన చేసే కత్తికీ అదే పేరు. మొదటిరోజు చేతికొచ్చేదీ కఱ్ఱే, చివరిరోజు చేతికొచ్చేదీ కఱ్ఱే.

నిర్వాహకుడు: అబ్బ! నేను సాధన దగ్గరే ఆగిపోయాను, మీరు విడుదల దాకా తీసుకెళ్లారు.

యతిభంగం: పూరణ అంటే ఇదీ. టీవీలు పగలగొట్టడం కాదు.

గోదారి గణం: పగిలింది గాజుబల్ల, టీవీ కాదు. పద్యం కూడా సగమే చదివారన్నమాట. పోయిన నెల మీ సీసపద్యంలో స్పార్టకస్‌ను రోములోని కొలోసియం బరిలో నిలబెట్టారు, మర్యాదకి ఊరుకున్నాను. ఆయన పోయింది క్రీ.పూ. 71లో, ఆ కట్టడం తెరిచింది క్రీ.శ. 80లో. నూటయాభై ఏళ్లు ఎవరికోసం నిలబడ్డాడండీ పాపం?

యతిభంగం: అది కవిసమయం, కవులకు చెల్లే కల్పన.

గోదారి గణం: కవిసమయం కాదు, కవికి సమయం తెలియకపోవడం.

డల్లాస్ తేటగీతి: మీ ఇద్దరి యుద్ధానికి టికెట్ పెట్టొచ్చు. సీసమాలిక గారూ, 'దక్కినట్టి'లో 'అట్టి' గణం కోసం, అంటే ఛందస్సు లెక్క నింపడానికి, వచ్చి కూర్చున్నట్టుంది, మిగతాదంతా అద్భుతం. ఇంకో మాట, స్పార్టకస్‌కి ఈ రూడిస్ అందనేలేదు. క్రీ.పూ. 73లో డెబ్బైమందికి పైగా వంటశాలలో దొరికిన కత్తులూ ఇనుపచువ్వలూ పట్టుకుని గోడ దాటారు. కాబట్టి రేపటి సమస్య నాది: "కూరకత్తి మేలు కఱ్ఱకంటె".

యతిభంగం: కూ, క. ఈసారి ప్రాసయతి కూడా కాపాడదు.

గోదారి గణం: ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను.