సమస్యాపూరణం: మంచులో మంట మండెను మధ్యరాత్రి

నిర్వాహకులు:
పైన శీర్షికలో ఇచ్చిన పంక్తే ఈ వారం సమస్య. దానిని చివరి పాదంగా నిలిపి పద్యం పూరించాలి. అది తేటగీతి అనే ఛందస్సులోని పాదము. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1842లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఉంచిన తైలవర్ణ చిత్రం 'మంచు తుఫాను' పూరణకు ఆధారం కావాలి. రేవు ముఖద్వారం దగ్గర, లోతు తక్కువైన నీటిలో, సీసపు గుండు కట్టిన తాడుతో లోతు చూసుకొంటూ, సంకేతాలు పంపుతూ సాగే ఆవిరి పడవ అని దాని పొడవైన పేరే చెబుతుంది. ఏరియల్ అనే ఓడ హార్విచ్ రేవు విడిచిన రాత్రి తానూ ఆ తుఫానులో ఉన్నానని చిత్రకారుడు ఆ పేరులోనే చేర్చాడు. అందులో రాత్రి ఉన్నది గాని నడిరేయి లేదు. ఆ స్వేచ్ఛ నాది. శివుని మూడవ కన్ను, మన్మథదహనము అనే రాచబాటను మాత్రం ఈసారి మూసివేశాను.

మొదటి పూరణ:
పొగలు చిమ్మెడు నావలోఁ బొయ్యి రగులఁ
జుట్టు హిమపాత మలలతోఁ జుట్టుముట్టఁ
గొలిమి యెఱ్ఱని కన్నుతోఁ గొంకకుండ
మంచులో మంట మండెను మధ్యరాత్రి

నిర్వాహకులు:
ఆవిరి పడవ కడుపులోని నిప్పును పట్టుకోవడం చక్కని ఊహ. రెండవ పాదంలో 'చుట్టు' రెండుసార్లు రావడం పునరుక్తి. "సుడుల హిమపాత మలలతోఁ జుట్టుముట్ట" అంటే యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియత స్థానంలోని అక్షరంతో ఉండవలసిన పొత్తు) చెడదు. పైగా దిగంతరేఖ కనబడకుండా నీరు, మంచు, పొగ ఒక్క సుడిగా ఓడ చుట్టూ తిరిగే ఆ చిత్రరచనకు ఆ మాటే సరిపోతుంది.

రెండవ పూరణ:
తీరమెక్కడో తెలియని తిమిరమందు
నడుగు లోతెంచి తాడుతో నడచు నోడ
వెలుఁగు సంకేత మెగఁజిమ్మె విలయవేళ
మంచులో మంట మండెను మధ్యరాత్రి

ఒక సభ్యురాలు:
చిత్రం పేరును ఇంత దగ్గరగా అనుసరించిన పూరణ ఇదే. అయితే రెండవ పాదంలో యతి కుదిరినట్లు కనబడుతున్నదే గాని కుదరలేదు. 'నడుగు'లోని నకారం ద్రుతం (ముందు పదం చివర చేరే నకారం) వల్ల వచ్చినది గనుక అక్కడ యతి అకారానికి. 'నడచు'లోని నకారం ధాతువుది, అంటే ఆ మాటకు సొంతమైనది.

రెండవ పూరణకర్త:
ధన్యవాదాలమ్మా. "తాడుతో నరుగు నోడ" అని సవరిస్తున్నాను.

మూడవ పూరణ:
కంబమునఁ గట్టువడి నాల్గు గంటలుండి
కడలి కోపమ్ముఁ గన్నులఁ గాంచినట్టి
చిత్రకారుని యెదలోనఁ జెదరకుండ
మంచులో మంట మండెను మధ్యరాత్రి

నిర్వాహకులు:
తుఫానును చూడడానికి నావికులచేత తనను ఓడ తెరచాప కంబానికి కట్టించుకొని నాలుగు గంటలు ఉన్నానని టర్నర్ చెప్పినట్లు ఆంగ్ల కళావిమర్శకుడు రస్కిన్ ద్వారా తెలిసిన కథ ఇది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి గనుక పరిశోధకులు దీనిని సందేహిస్తారు. కవికి ఆ సందేహం అడ్డు కాదు. కానీ 'ఎదలోన' అన్న తరువాత 'మంచులో' అంటే మంటకు రెండు చోట్లయ్యాయి. "యెదవోలెఁ" అంటే మంట ఓడలో నిలుస్తుంది, ఎద పోలికగా మిగులుతుంది.

మూడవ పూరణకర్త:
మీ సవరణ వ్యాకరణానికి మేలే, అయినా అంగీకరించలేకపోతున్నాను. ఈ చిత్రాన్ని సబ్బు నురగ, సున్నపు నీళ్ళు అని ఎగతాళి చేసిన విమర్శకుల గురించి టర్నర్, సముద్రం ఎలా ఉంటుందనుకొంటున్నారో, వాళ్ళూ అందులో ఉండి ఉంటే బాగుండేదని విసుగుకొన్నాడట. ఆ విసుగే నా పద్యంలోని మంట. ఆ మనిషి మంచులో నిలబడ్డాడు, మంట ఆ మనిషిలో ఉన్నది. ఓడలోని నిప్పును మొదటి పూరణకే వదిలిపెడుతున్నాను.