నీటికుక్కలతో ఈత: వైజాగ్ నుంచి ఎక్కడికి వెళ్లొచ్చు, ఏం అడగాలి?

పెదవాల్తేరు_అమ్మ:
అందరికీ నమస్కారం. ఈ వేసవికి శాన్ డియెగోలో ఉన్న మా అక్క వాళ్లింటికి వెళ్తున్నాం. మా పాపకి తొమ్మిదేళ్లు, బీచ్ రోడ్డు ఈత కొలనులో నేర్చుకుంది, బాగానే ఈదుతుంది. నీటికుక్కలతో కలిసి ఈత కొట్టే వీడియో చూసిన దగ్గర్నుంచి ఇంట్లో అదే మాట. నాకూ ఆశగానే ఉంది. కానీ మన ముచ్చట కోసం ఆ ప్రాణిని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు. ఎవరైనా వెళ్లారా? మన వైపు గానీ, సింగపూర్ లాంటి దగ్గరి చోట గానీ వీలుందా?

ఎంవీపీ_డబుల్‌రోడ్:
అక్కా, మేం కాలిఫోర్నియాలో ఒక చోటికి వెళ్లాం. ఇలాంటివి అక్కడా, లూసియానాలోనూ ఉన్నాయి. మాతో ఈతకి వదిలినవి చిన్నగోళ్ల ఆసియా నీటికుక్కలు. నీటికుక్కల జాతులన్నిట్లోకీ ఇవే చిన్నవి, మూడు నుంచి ఐదు కిలోలు ఉంటాయంతే. నదిలోంచి పట్టుకొచ్చినవి కావు, మనుషుల దగ్గరే పుట్టి పెరిగినవి. దిగేది కూడా కొలనులోకే.

ముందు ఉంగరాలు, చెవిపోగులు తీయించారు. సన్‌స్క్రీన్ కడిగేసుకోమన్నారు. చేతులు చాపొద్దు, పట్టుకోవద్దు, రావాలనుంటే అవే వస్తాయి అని చెప్పారు. ఒకటి వచ్చి నా వేళ్ల సందుల్లో తన ముందుకాళ్లతో తడుముతూ వెతికింది. రాళ్ల కింద, బురదలో పీతల్నీ నత్తల్నీ అవి పట్టేది అలాగేనట. వాటి గోళ్లు వేలి చివర కూడా దాటవు, అందుకే గీరుకోదు, చల్లగా మెత్తగా తగులుతుంది. ఇంకొకటి మాత్రం నీళ్లలోకే రాలేదు, గట్టు మీదే ఉండిపోయింది. చూసుకునే అమ్మాయి దాన్ని దింపలేదు, చేపముక్క చూపించి ఆశ కూడా పెట్టలేదు. డబ్బు కట్టిన వాళ్లం ఎదురుగా ఉన్నా దాని ఇష్టానికే వదిలేసింది. ఆ చోటు మీద నాకు నమ్మకం కలిగింది అక్కడే.

గాజువాక_పశువైద్యుడు:
డబుల్‌రోడ్ గారు చెప్పిన ఆ రెండో నీటికుక్క సంగతే అసలు పరీక్షండీ. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి: 'జంతువు రానంటే ఏం చేస్తారు?' డబ్బు వెనక్కిస్తామనో, మరో రోజు రమ్మంటామనో అంటే మంచిదే. 'రాకపోవడం ఉండదు, గ్యారంటీ' అన్నారంటే ఆ చోటు వద్దు. ఎక్కడ పుట్టాయి, రోజుకి ఎన్ని బ్యాచ్‌లు, మనుషులు లేని వేళ ఎక్కడ ఉంటాయి, ఇవీ అడగాలి. చిన్నగోళ్లవి కుటుంబంగా బతికే జాతి. ఒక్కదాన్నే పెట్టి ఆడిస్తున్నారంటే అది బాగా లేనట్టే లెక్క. పిల్లల్ని తల్లి నుంచి వేరు చేసి ఒళ్లో పెట్టే చోటికి అసలు వెళ్లకండి.

లైసెన్సు ఉందని చూపిస్తారు. అమెరికాలో ఇలాంటి జంతువుల్ని జనానికి ప్రదర్శించాలంటే వ్యవసాయ శాఖ లైసెన్సు ఎలాగూ ఉండాలి. అది కనీస అర్హత, మెడల్ కాదు.

ఇంకో మాట, ఇది నాకు బాగా బాధ కలిగించేది. ఆగ్నేయాసియాలో ఈ పిల్లల్ని గూళ్లలోంచి ఎత్తుకొచ్చి అమ్మే వ్యాపారం పెద్దది. జపాన్‌లో కేఫ్‌లలో కూర్చోబెట్టి కస్టమర్ల చేతికిచ్చేవాళ్లు. పెంపుడు మోజు అంతగా పెరిగింది కాబట్టే 2019లో సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద చిన్నగోళ్లవాటినీ, మన దగ్గరుండే నున్నబొచ్చువాటినీ మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. అంటే అడవి నుంచి పట్టినవాటితో దేశాల మధ్య వ్యాపారం నిషేధం. మీ పాప నీళ్లలో గడిపే ఆ కాసేపటి వల్ల జరిగే నష్టం తక్కువే. దాన్ని 'ఎంత ముద్దుగా ఉందో, ఒకటి పెంచుకుందాం' అనిపించేలా రీల్ చేసి వదిలితే జరిగేది ఎక్కువ. ఫొటో ఇంట్లో దాచుకోండి.

ఆరోగ్యం సంగతి: ఒంటి మీద గాయాలుంటే దిగొద్దు, లెప్టోస్పైరోసిస్ (జంతువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే జబ్బు) భయం ఉంది. పీత డిప్ప నమిలే దవడలవి, కరిస్తే లోతుగా దిగుతుంది. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి. రేబిస్ టీకా సంగతి డాక్టరే తేలుస్తారు.

తగరపువలస_కుర్రాడు:
డబ్బు కట్టి కొలనులో ఎందుకు అక్కా? అదే కాలిఫోర్నియాలో సముద్రంలోనే బోలెడు తిరుగుతాయి కదా. కయాక్ తీసుకుని దగ్గరికెళ్లి దిగితే సరిపోదా?

బే_ఏరియా_భీమిలి:
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయనివ్వకు. అవి సముద్రపు నీటికుక్కలు, వేరే జాతి. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని వేధించడం నేరం. కయాక్ మీద వెళ్లినా కనీసం అరవై అడుగుల దూరం ఉండమంటారు. తల ఎత్తి నీ వైపు చూసిందంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లావని అర్థం.

దూరం ఎందుకంటే, సీల్‌కీ తిమింగలానికీ ఉన్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర లేదు. ఆ చన్నీళ్లలో ఒంటిని కాపాడేది బొచ్చు, తిండి, ఈ రెండే. రోజూ తన బరువులో దాదాపు పావు వంతు తినాలి. వెల్లకిలా తేలుతూ పడుకున్నదాన్ని నువ్వు లేపిన ప్రతిసారీ కష్టపడి దాచుకున్న శక్తి ఖర్చు. పొట్ట మీద పిల్ల ఉన్న తల్లికైతే మరీను. 2023లో శాంటా క్రూజ్‌లో 841 అని నంబరున్న ఆడది సర్ఫింగ్ చేసేవాళ్ల పలకలెక్కి లాక్కుంది. జనం వీడియోలు తీసుకుని సంబరపడ్డారు. అధికారులేమో దాన్ని పట్టి బందీగా పెట్టాలని తిరిగారు, అది దొరకలేదు. మనిషంటే బెదురు పోతే చివరికి నష్టపోయేది అదే.

అక్కా, మాంటెరీ వైపు వస్తే మాస్ లాండింగ్ దగ్గర ఒడ్డున నిలబడండి, బైనాక్యులర్స్ తెచ్చుకోండి. చిప్పని పొట్ట మీద రాయికేసి కొట్టే చప్పుడు ఒక్కోసారి ఒడ్డు దాకా వినిపిస్తుంది. నాకైతే కొలనుకన్నా ఇదే ఎక్కువ తృప్తి.

సింగపూర్_సింహాచలం:
వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉంది కాబట్టి మన వాళ్లకి సింగపూర్ రావడం తేలిక. బిషాన్ పార్కు, కల్లాంగ్ నది, మరీనా బే చుట్టూ పొద్దున్నే గానీ సాయంత్రం గానీ నడిస్తే గుంపుగా కనిపించే అవకాశం బాగానే ఉంది. నున్నబొచ్చువి, మన గోదావరి ముఖద్వారంలో ఉండేవీ ఇవే. ఒకప్పుడు సింగపూర్‌లో కనిపించకుండా పోయాయి, నదులు శుభ్రం చేశాక మళ్లీ వచ్చాయి.

ఈత మాత్రం కుదరదండీ. చిన్నగోళ్లవాటికి రెండింతలుంటాయి, పిల్లలున్నప్పుడు కుటుంబమంతా ఒక్కటై మీద పడుతుంది. 2021లో బొటానిక్ గార్డెన్స్‌లో పొద్దున నడకకి వచ్చిన ఒకాయన్ని చాలాచోట్ల కరిచాయి. ఇక్కడ అపార్ట్‌మెంట్ కొలనుల్లోకి కూడా వస్తుంటాయి. వస్తే మనమే బయటికి రావాలి. తిండి పెట్టకూడదు, దారికి అడ్డం నిలబడకూడదు, ఫ్లాష్ వేయకూడదు.

కాకినాడ_జగన్నాథపురం:
అంత దూరం ఎందుకండీ, ముందు మా కోరింగ రండి! 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైన మడ అడవి. ఈత కుదరదు. చట్టం సంగతి అటుంచితే, అక్కడ కాలు పెడితే మోకాలి దాకా బురద, ఆల్చిప్పలు కోస్తాయి, పాటు లాగేటప్పుడు (సముద్రం నీళ్లు వెనక్కి తీసేటప్పుడు) కాలువలో నీటి జోరు మామూలుగా ఉండదు. అయినా పాపకి ముందు ఇక్కడ చూపించండి. నీటికుక్క కనిపించకపోయినా గుర్తులు కనిపిస్తాయి: బురద గట్టు మీద వేళ్ల మధ్య పొరతో సహా పడిన అడుగులు, గట్టు పైన పెంట. పుల్లతో కదిపి చూడండి, నిండా చేప పొలుసులు, పీత డిప్ప ముక్కలు ఉంటాయి. నీచు వాసన దూరం నుంచే తెలుస్తుంది.

రైలెక్కి హోస్పేట వెళ్లగలిగితే తుంగభద్ర మీద 2015లో ప్రకటించిన నీటికుక్కల సంరక్షణ ప్రాంతం కూడా ఉంది, హంపి చూసినట్టూ అవుతుంది.

మంగమారిపేట_వల:
మా మేనమామ వాళ్లది కోరింగ వైపే. అందరూ జంతువు గురించే రాస్తున్నారు, అక్కడ చేపల వేటకెళ్లే వాళ్ల సంగతి ఒక్కరూ రాయలేదు. నీటికుక్క వల కొరికి చేప తీసుకెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే, వల బాగుచేసుకునే ఖర్చు పైన. అందుకే కొందరికి కోపం. బంగ్లాదేశ్‌లో నరాయిల్ దగ్గర జాలర్లు ఇదే జాతిని తాడు కట్టి పెంచి, చేపల్ని వలలోకి తోలించేవాళ్లు. ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. మీరు చూడటానికి వెళ్తే ఊళ్లో వాళ్లతో మాట్లాడండమ్మా, అక్కడే తినండి, అక్కడే కొనండి. నీటికుక్క ఉంటే నాలుగు డబ్బులు వస్తాయని తెలిస్తే దాని మీద రాయి వేసే చెయ్యి ఆగుతుంది. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

పెదవాల్తేరు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. మంగమారిపేట బాబాయ్, మీ మాట మనసులో పెట్టుకున్నాను. డాక్టర్ గారి ప్రశ్నలు అక్కకి పంపాను, రేపు ఫోన్ చేసి అడుగుతుంది. 'గ్యారంటీ' అంటే కొలను మానేసి మాస్ లాండింగే. ప్రయాణానికి ముందు ఒక ఆదివారం కోరింగ. పోటు ఉన్నప్పుడు రావాలా, పాటు ఉన్నప్పుడా? పాపకి అడుగులు చూడాలని ఉంది.

కాకినాడ_జగన్నాథపురం:
అడుగులకైతే పాటు, పడవకైతే పోటు. మరీ పాటులో పడవ తిప్పరు. కాబట్టి తెరిచే వేళకే వచ్చి, ఆ రోజు నీళ్లు ఎప్పుడు తిరుగుతాయో టిక్కెట్టు దగ్గరే అడగండి. నీళ్లు తీసి ఉంటే ముందు చెక్కదారి మీద నడవండి, నీళ్లు ఎక్కాక పడవ. నడిచేటప్పుడు పాపని ముందు పెట్టండి, పెద్దవాళ్లం మాటల్లో పడి గట్టు చూడం. కుదిరితే ఆదివారం కాకుండా మామూలు రోజు రండి, ఆదివారం స్పీకర్లు పట్టుకొచ్చే బ్యాచ్‌లు ఎక్కువ.