డీబగ్ఎఫ్ఎస్ బైనరీ ఫైల్‌లో 342వ రికార్డే ఎందుకు చెడిపోతోంది?

ప్రశ్న (మాదాపూర్ నుంచి)

అందరికీ నమస్కారం. ఒక చిన్న సంస్థలో సెన్సర్ బోర్డుకు లినక్స్ డ్రైవర్ రాసే పనిలో ఏడాదిగా ఉన్నాను. బోర్డు పంపే కొలతల్లో చివరి 1024 కొలతలను డ్రైవర్ కర్నెల్ మెమరీలో ఉంచుకుంటుంది. వాటిని అక్షరాలుగా మార్చకుండా, ఉన్నవి ఉన్నట్టుగా బైనరీ రూపంలో బయటికి తీయాలన్నది నా అవసరం. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు ప్రోక్ ఫైల్ రాయడం ఒక్కటే నేర్పించారు కాబట్టి, మిగిలినదంతా కర్నెల్ డాక్యుమెంటేషన్ చదువుకుని, కర్నెల్ లోపలి డేటాను పరిశీలన కోసం ఫైళ్లుగా చూపే డీబగ్ఎఫ్ఎస్‌లో, ఒక మెమరీ ముక్కను ఉన్నది ఉన్నట్టుగా ఫైల్‌గా చూపే డీబగ్ఎఫ్ఎస్_క్రియేట్_బ్లాబ్ అనే ఫంక్షన్ వాడాను. ఫైల్ వచ్చింది, డేటా కూడా వస్తోంది, కానీ నాలుగు విషయాలు నాకు అంతు చిక్కడం లేదు.

ఎల్ఎస్ కమాండ్ ఇస్తే ఫైల్ పరిమాణం 0 అని చూపిస్తోంది. టార్ చేసి (ఫైళ్లను ఒకే మూటగా కట్టే కమాండ్‌తో) సహోద్యోగికి పంపితే ఆయనకు ఖాళీ ఫైల్ చేరింది. ఒక్కో రికార్డులో ఛానల్ సంఖ్యకు 1 బైటు, సమయానికి 4, విలువకు 2, వెరసి 7 బైట్లు కాగా, మొత్తం 7168 రావలసిన చోట 12288 బైట్లు వస్తున్నాయి. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, సీరియల్ కన్సోల్ (బోర్డుకు సీరియల్ తీగతో కలిపిన తెర) మీద, బైట్లను అంకెలుగా చూపే హెక్స్‌డంప్‌తో చూసినప్పుడు 342వ రికార్డు, 683వ రికార్డు దాదాపు ప్రతిసారీ చెడిపోయి కనిపిస్తున్నాయి. అదే డేటాను, ఫైల్‌ను చదివి ఉన్నది ఉన్నట్టే ఇచ్చే క్యాట్ కమాండ్‌తో మరో ఫైల్‌లోకి మళ్లించి చూస్తే ఎప్పుడో ఒకసారి తప్ప అంతా సరిగానే ఉంటోంది. కొత్త కొలత వచ్చినప్పుడల్లా పాతవాటిని మెమ్‌మూవ్ అనే, మెమరీలోని డేటాను జరిపే ఫంక్షన్‌తో ఒక స్థానం వెనక్కి జరిపి, కొత్తదాన్ని మొదట్లో పెడుతున్నాను. రెండు రోజులుగా బోర్డు పాడైందేమోనని మారుస్తూ కూర్చున్నాను.

సమాధానం (కూకట్‌పల్లి నుంచి)

మొదటి రెండింటికీ కారణం ఒక్కటే. డీబగ్ఎఫ్ఎస్‌లోని ఫైల్ డిస్క్ మీద ఉన్న ఫైల్ కాదు; ఎవరైనా చదివినప్పుడు మాత్రమే డ్రైవర్ అందించే డేటా అది. అందుకే దాని పరిమాణం 0 అని నమోదై ఉంటుంది. క్యాట్ ఆ సంఖ్యను పట్టించుకోకుండా డేటా అయిపోయే దాకా చదువుతుంది. టార్ మాత్రం ముందుగా పరిమాణం అడిగి తెలుసుకుని, సున్నా అని వినగానే ఏమీ చదవకుండా ముందుకు వెళ్లిపోతుంది. క్యాట్‌తో మామూలు ఫైల్‌లోకి తీసుకుని, దాన్ని టార్ చేయండి.

బోర్డును ఇక మార్చకండి, దానిలో దోషం లేదు.

సమాధానం (సైనిక్‌పురి నుంచి)

మీరు 342, 683 అని అంకెలతో సహా రాశారు కాబట్టి పని సగం తేలికైంది. కేవలం "అప్పుడప్పుడూ చెడిపోతోంది" అని రాసి ఉంటే మేమూ బోర్డునే అనుమానించేవాళ్లం.

ముందు 7 బైట్ల సంగతి చూద్దాం. సీ భాషలో 4 బైట్ల సంఖ్య 4తో భాగింపబడే చిరునామాలో ఉండాలి గనుక, మీ ఛానల్ బైటు తరువాత కంపైలర్ 3 ఖాళీ బైట్లు వదిలింది. చివర విలువ తరువాత మరో 2 వదిలింది. అలా ఒక్కో రికార్డు 12 బైట్లయింది, 1024తో గుణిస్తే 12288. ఆ ఖాళీ బైట్లలో మీకు పొంతన లేని అంకెలు కనిపిస్తూ ఉంటే, రికార్డును ఫంక్షన్ లోపలి వేరియబుల్‌గా నింపి, అక్కడి నుంచి బఫర్‌లోకి నకలు చేస్తున్నారని అర్థం. అది చూడటానికి అందంగా లేకపోవడమే కాదు, కర్నెల్ స్టాక్‌లోని (ఫంక్షన్ల లోపలి వేరియబుళ్లు ఉండే మెమరీలోని) పాత డేటా బయటికి పొక్కుతోందన్నమాట.

ఇప్పుడు 342కి వద్దాం. హెక్స్‌డంప్ డేటాను 4096 బైట్ల చొప్పున అడుగుతుంది. 341 రికార్డులకు 4092 బైట్లు పోతాయి. కాబట్టి 342వ రికార్డులో మొదటి 4 బైట్లు ఒక విడత చదువులోనూ, మిగిలిన 8 తరువాతి విడతలోనూ వస్తాయి. 8192 దగ్గర 683వ రికార్డు కూడా అలాగే, ఈసారి 8 ఒక పక్క, 4 మరో పక్క చీలుతుంది. బ్లాబ్ ఫైల్ ప్రతి విడతలోనూ మీ బఫర్‌ను అప్పటికప్పుడు ఉన్న స్థితిలో నకలు చేసి ఇస్తుందే తప్ప, ఏ లాకూ (నకలు తీస్తుండగా డేటా మారకుండా ఆపే తాళం) పట్టుకోదు. ఈ రెండు విడతల నడుమ ఒక్క కొలత వచ్చినా మీ మెమ్‌మూవ్ బఫర్ మొత్తాన్ని 12 బైట్లు వెనక్కి తోస్తుంది. ఫలితంగా 342వ రికార్డులో ఛానల్ సంఖ్య ఒక కొలతదీ, సమయం ఇంకో కొలతదీ అవుతాయి.

సీరియల్ కన్సోల్ మీదే ఎందుకు ఎక్కువంటే, 4096 బైట్లు హెక్స్‌డంప్‌లో 256 వరుసలవుతాయి, ఒక్కో వరుసకు సుమారు 80 అక్షరాలు. మీ కన్సోల్ వేగం సెకనుకు 115200 బిట్లు అయితే, ఒక్కో అక్షరానికి 10 బిట్ల చొప్పున సెకనుకు 11520 అక్షరాలు మాత్రమే పోతాయి కనుక, అవన్నీ తెర మీద పడేసరికి రెండు సెకన్లకు కొంచెం తక్కువ పడుతుంది. ఆ తరువాతే హెక్స్‌డంప్ రెండవ విడత అడుగుతుంది. అంతసేపట్లో మీ బోర్డు ఎన్ని కొలతలు పంపి ఉంటుందో మీకే తెలుసు. క్యాట్ ఒక్కో విడతలో చాలా పెద్ద మొత్తం అడుగుతుంది కాబట్టి మీ 12288 బైట్లూ ఒకేసారి వచ్చేస్తాయి. నకలు జరుగుతున్న ఆ కాస్త సమయంలో కొలత వచ్చిపడితేనే తేడా కనిపిస్తుంది.

బ్లాబ్ అనేది మారని డేటా కోసం ఉన్న సదుపాయం. మారుతూ ఉండే బఫర్‌కు డీబగ్ఎఫ్ఎస్_క్రియేట్_ఫైల్ వాడి, ఓపెన్, రీడ్, రిలీజ్ ఫంక్షన్లు మీరే రాసుకోవాలి. ఓపెన్‌లో స్పిన్‌లాక్ పట్టుకుని బఫర్ మొత్తానికి ఒక నకలు తీసి, దాన్ని ఫైల్ తాలూకు ప్రైవేట్ డేటా పాయింటర్‌లో పెట్టండి. రీడ్‌లో సింపుల్_రీడ్_ఫ్రమ్_బఫర్ అనే ఒక్క పిలుపు చాలు. రిలీజ్‌లో నకలును విడిచిపెట్టండి. అప్పుడు చదివేవారు ఎన్ని విడతల్లో, ఎంత నిదానంగా చదివినా తెరిచిన క్షణం నాటి చిత్రమే వారికి అందుతుంది.

మెమ్‌మూవ్ మాత్రం తీసేయండి. ప్రతి కొలతకూ 12 కిలోబైట్లు జరపడం అనవసరమైన చాకిరీ. తరువాతి కొలత ఏ గడిలోకి వెళ్లాలో ఒక సూచిక పెట్టుకుని గుండ్రంగా తిప్పుతూ, నకలు తీసేటప్పుడు సూచిక నుంచి చివరి దాకా ఒకసారి, మొదటి నుంచి సూచిక దాకా ఇంకోసారి తీసుకోండి.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే రాశాను గానీ, ఫైల్ తెరవగానే, నిద్రపోకూడని (ఆగి వేచి ఉండకూడని) సందర్భంలో నిద్రపోయే ఫంక్షన్‌ను పిలిచారంటూ కర్నెల్ లాగ్‌లో పొడవాటి హెచ్చరిక వచ్చింది. స్పిన్‌లాక్ పట్టుకున్నాక విమల్లాక్‌తో చోటు అడుగుతున్నాను. అలాగే, రికార్డులోని ఖాళీ బైట్లు పోవడానికి ప్యాక్డ్ అని పెట్టవచ్చా?

సమాధానం (సైనిక్‌పురి నుంచి)

మీ హెచ్చరికకు కారణం మీరే రాశారు. విమల్లాక్ నిద్రపోగలదు, కాబట్టి చోటు ముందే తీసుకుని, ఆ తరువాత లాక్ పట్టుకోండి. కొలతలను ఇంటరప్ట్ హ్యాండ్లర్ (బోర్డు సంకేతం రాగానే నడిచే ఫంక్షన్) రాస్తున్నట్లయితే, ఇంటరప్ట్‌లను ఆపే ఐఆర్‌క్యూసేవ్ రకం లాక్ వాడాలి. యూజర్ మెమరీలోకి నకలు చేసే పిలుపు కూడా నిద్రపోగలదు గనుక, రీడ్‌లో ఆ లాక్ పట్టుకోకూడదు.

ప్యాక్డ్ పెట్టవచ్చు గానీ నేనైతే పెట్టను. 4 బైట్ల సమయాన్ని ముందుకు, తరువాత 2 బైట్ల విలువను, ఆ తరువాత ఛానల్‌ను పెట్టి, చివర ఒక బైటుకు "వృథా" అని పేరు పెట్టి వదిలి, దాన్ని మీరే సున్నా చేయండి. రికార్డు సరిగ్గా 8 బైట్లవుతుంది, పైథాన్‌లోని స్ట్రక్ట్ మాడ్యూల్‌తో విప్పడమూ సులువు. అయితే ఒక మాట: మీ పాత కోడ్‌లో ఈ మార్పు ఒక్కటే చేసి ఉంటే, 4096ను 8 సరిగ్గా భాగిస్తుంది కాబట్టి ఏ రికార్డూ చీలేది కాదు, సమస్య తీరిపోయిందని మీరు సంబరపడేవారు, కానీ విడతల మధ్య కొన్ని కొలతలు రెండేసి సార్లు కనిపిస్తూనే ఉండేవి.

బైట్ల క్రమం కూడా గుర్తుంచుకోండి. హెక్సాలో 12345678 అనే సమయం మీ డంప్‌లో, తక్కువ విలువ బైటు ముందుగా, 78 56 34 12 అని కనిపిస్తుంది, అది దోషం కాదు.

సమాధానం (కూకట్‌పల్లి నుంచి)

ఒక చేర్పు. మాడ్యూల్ తొలగించేటప్పుడు మీ డీబగ్ఎఫ్ఎస్ డైరెక్టరీని మీరే తీసేయాలి, అదంతట అది పోదు. వదిలేస్తే, ఆ తరువాత ఎవరైనా ఆ ఫైల్ తెరిచినప్పుడు కర్నెల్, అప్పటికే లేకుండా పోయిన కోడ్‌లోకి దూకుతుంది.

ఇది పరిశీలన కోసమే గనుక డీబగ్ఎఫ్ఎస్ సరైన చోటే. కస్టమర్‌కు వెళ్లే ప్రోగ్రామ్ ఏదీ దీని మీద ఆధారపడకుండా చూసుకోండి. బోర్డు మొరాయించినప్పుడు దాని మెమరీ మొత్తాన్ని ఒకసారి బయటికి ఇవ్వడమే మీ అవసరమైతే, అందుకు డెవ్‌కోర్‌డంప్ ఉంది. ఎవరూ చదువుకోకపోతే 5 నిమిషాల తరువాత అది తనంతట తానే చెరిపేసుకుంటుంది.

ప్రశ్నించినవారు

చోటు కేటాయింపును లాక్‌కు ముందుకు తెచ్చాక హెచ్చరిక పోయింది. అదే సీరియల్ కన్సోల్ మీద హెక్స్‌డంప్‌తో యాభై సార్లు చూశాను. ఇప్పుడు 8192 బైట్లు వస్తున్నాయి, సమయాలు మొదటి నుంచి చివరి దాకా వరుసగా పెరుగుతున్నాయి, ఏ కొలతా రెండోసారి కనిపించలేదు. ప్రతి రికార్డులోనూ ఎనిమిదో బైటు 00 గానే ఉంది.