మర్చెంట్ ఆఫ్ వెనిస్ పాఠానికి చార్టులు ఎలా తయారుచేస్తున్నారు?

దేవరకొండ_ఇంగ్లీష్:
నమస్తే అండి. దేవరకొండ వైపు ఒక కాలేజీలో డిగ్రీ పిల్లలకు షేక్‌స్పియర్ రాసిన ఈ నాటకం చెబుతున్నాను. హైదరాబాద్ పోయినప్పుడు పాత్రల బొమ్మలున్న రెండు చార్టులు కొనుక్కొచ్చి గోడకు తగిలించాను, పిల్లలు వాటిని నోట్సులో చక్కగా దించుకున్నారు కూడా. తీరా పరీక్షలో వర్తకుడు ఆంటోనియో ఆ అప్పు పత్రం మీద ఎందుకు సంతకం పెట్టాడని అడిగితే 60 మందిలో పదిమంది కూడా సరిగ్గా రాయలేదు. పైగా ఆ చార్టులో అప్పిచ్చే యూదుడు షైలాక్‌ను కొంకి ముక్కుతో, రాక్షసుడిలా వేశారు. అది చూసి "వీడే విలన్ కదా మేడమ్" అని మొదటి రోజే తేల్చేశారు, నాకు చాలా బాధనిపించింది. ప్రొజెక్టర్ ఒక్కటే ఉంది, నా వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది. సినిమా కూడా చూపించాలని ఉంది. మీరంతా ఏం చేస్తున్నారు?

వనపర్తి_సార్:
మేడమ్, ముందు ఆ చార్టు తీసేయండి. మొహాలు గీస్తే కథ తెలియదు, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఏం పోయిందో గీస్తే తెలుస్తుంది. నేనైతే సుతిలి తాడు పట్టుకుపోయి నలుగురిని నిలబెడతా. ఆంటోనియో స్నేహితుడు బసానియోకు బెల్మాంట్ పోయి అక్కడి ధనవంతురాలు పోర్షియాను పెళ్లాడటానికి డబ్బు కావాలి, ఆంటోనియో సొమ్మంతా ఓడల మీద సముద్రంలో ఉంది, అందుకే తన పేరు మీద షైలాక్ దగ్గర 3,000 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) తెచ్చి ఇస్తాడు. 3 నెలల గడువు, వడ్డీ లేదు, కట్టకపోతే ఆంటోనియో ఒంట్లోంచి ఒక పౌండు, అంటే దాదాపు అరకిలో మాంసం. తాడు షైలాక్ నుంచి ఆంటోనియోకు, అక్కణ్నుంచి బసానియోకు, చివరికి పోర్షియాకు. తాడు ఆంటోనియో చేతుల మీదుగా పోయింది గానీ పైసా కూడా ఆయన దగ్గర ఆగలేదని పిల్లలే పట్టేస్తారు. మన దగ్గర ప్రామిసరీ నోటు తెలియని ఇల్లు లేదు, స్నేహితుడి కోసం జామీను ఉండి ఇరుక్కున్న చిన్నాయనో మేనమామో ప్రతి ఊళ్లో ఉంటాడు, కాబట్టి ఇక్కడ నేను వివరించాల్సింది పెద్దగా ఉండదు.

గడువు దాటాక షైలాక్ ఆ మాంసం కోసం పట్టుబట్టే కోర్టు సీనుకు మాత్రం "ఎవరికి ఏం తెలుసు" అని పట్టిక గీయించండి. లాయరు వేషంలో ఉన్నది పోర్షియా అని ఆమె చెలికత్తె నెరిస్సాకు తెలుసు, మనకు తెలుసు, ఎదురుగా నిలబడ్డ మొగుడు బసానియోకు తెలియదు.

నాగర్‌కర్నూల్_టీచర్:
సినిమా మొత్తం వేయకండి మేడమ్, 2004లో మైకేల్ రాడ్‌ఫోర్డ్ తీసినదాంట్లో మొదలు చాలు. అల్ పచినో షైలాక్. ఆంటోనియో షైలాక్ మీద ఉమ్మడం మొదట్లోనే కళ్లముందు చూపిస్తారు. నాటకంలో అది జరుగుతుంటే మనం చూడం, 1వ అంకం 3వ రంగంలో షైలాక్ నోటితో వింటాం, అంతే. నేను ఫోన్లోనే, మొదటిసారి సౌండ్ తీసేసి చూపిస్తా. తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసుకుని కెమెరా ఎవరికి దగ్గరగా ఉందో, ఎవరు పైన ఎవరు కింద ఉన్నారో పుల్లబొమ్మలతో వేయమంటా. తర్వాతే సౌండ్. డైరెక్టర్ ఆ ఉమ్మడాన్ని ముందుకు ఎందుకు తెచ్చాడని అడిగితే, షైలాక్ విలన్ అన్నవాళ్లే కాసేపు ఆగి ఆలోచిస్తారు.

నల్గొండ_నాటకం:
వేదిక బొమ్మ కూడా ఒకటి గీయండి. షేక్‌స్పియర్ బృందం లండన్‌లో 1599లో కట్టిన గ్లోబ్ థియేటర్‌లో మధ్యాహ్నం ఎండలోనే ఆట, జనం మూడు వైపులా నిలబడేవాళ్లు, ఆడవేషాలు మగపిల్లలే కట్టేవాళ్లు. మా ఊళ్లో చిందు భాగవతం చూసిన పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది, తెరలూ సెట్టింగులూ లేకుండానే అడవి అంటే అడవి, కోట అంటే కోట. 5వ అంకంలో షైలాక్ అల్లుడు లోరెంజో వెన్నెల గురించి మాట్లాడేది కూడా పట్టపగలే. అలా బొమ్మ కట్టే మాటలన్నిటి కింద పెన్సిల్ గీత పెట్టించండి.

దేవరకొండ_ఇంగ్లీష్:
అందరికీ చాలా థ్యాంక్స్. చార్టులు తీసేసి నిన్న తాడు పాఠం చేశాను. షైలాక్‌గా నిలబడ్డ అమ్మాయి "నేను తాడు వదిలేస్తే ఏమవుతుంది మేడమ్" అని అడిగింది, పీరియడ్ మొత్తం దాని మీదే గడిచింది. షైలాక్ కూతురు జెస్సికా ఇంట్లోంచి నగలూ డబ్బూ తీసుకుని వెళ్లిపోతుంది కదా, దానికి వేరే రంగు తాడు కావాలని వెనక బెంచీవాళ్లు పట్టుబట్టారు. ఎర్రది కొన్నాను. వనపర్తి సార్, మీ పట్టిక ఫోటో ఉంటే పెడతారా?